ఎఫీ గొర్రెల చెవిగుర్తు

ఎఫీ వచ్చేసరికి ఫార్కర్ మెక్రే ఇంటిముందు రాతిగోడ మీద కూర్చుని గొర్రెల చెవులకు గుర్తు కోసే కత్తి సానపడుతున్నాడు. మర్నాడు కామస్‌బెగ్ ఊళ్లోని పదకొండు ఇళ్లవాళ్లూ కలిసి గొర్రెల్ని కొండమీంచి దించాలి. పదును ఎక్కిందో లేదో ఆయన బొటనవేలి గోటికి ఆనించి చూసుకుంటాడు. అరవైరెండేళ్లు వచ్చినా ఆ పనికి కళ్లజోడు అక్కర్లేదని లోలోపల కొంచెం గర్వం.

“బాబాయ్, నిన్న కొండెక్కాను,” అంది ఎఫీ గేటు దగ్గరే నిలబడి. నలభై దాటిన మనిషి. తండ్రి కెన్నెత్ పోయినప్పటినుంచి ముప్ఫై గొర్రెల్నీ, ఇంటి వెనక రెండు చెక్కల పొలాన్నీ ఒక్కతే చూసుకుంటోంది. కాళ్లకు తండ్రి బూట్లే.

“ఏం కనిపించింది?”

“మన మచ్చమొహం గొర్రె కవలల్ని ఈనింది చూడు, అందులో ఒకటి తల్లి పొదుగు కింద దూరి పాలు తాగుతోంది. దగ్గరికెళ్లి చూశాను. కుడి చెవికి కొస లేదు. ఎడమ చెవికి కింద గాటు.”

ఫార్కర్ సానరాయి ఆపాడు. కెన్నెత్ ఇంటి గుర్తు దానికి సరిగ్గా తిరగేసింది: ఎడమ చెవి కొస కోత, కుడి చెవి కింద గాటు. ఆమె చెప్పింది హెక్టర్ ఇంటి గుర్తు. తాతలనాడు ఆ రెండిళ్ల అన్నదమ్ములు మందను పంచుకున్నప్పుడు గుర్తును కూడా అలా పంచుకున్నారు, ఒకరిది ఎడమైతే ఇంకొకరిది కుడి. ఊరి ఉమ్మడి మేతకొండ లెక్కలు చూసే గుమాస్తాగా ఫార్కర్ దగ్గరున్న పుస్తకంలో రెండూ పక్కపక్కనే రాసి ఉంటాయి.

“ముందటేడు ఆరు పోయాయి, నిరుడు ఎనిమిది. అన్నీ కవలలే,” అంది ఎఫీ. “జూన్‌లో పొగమంచు పడి సగం పిల్లలు చెవులు కోసే రోజున దొడ్డికి రాకుండా తప్పించుకుంటాయి కదా. అలా గుర్తులేకుండా తిరిగేవాటిని ఎవరో కొండమీదే పట్టుకుని తమ గుర్తు కోసేస్తున్నారు. నేను పేరు చెప్పను.”

“చెప్పక్కర్లేదులే.”

“కవలలైతే చిన్నగా ఉంటాయి. చంకలో పెట్టుకోవచ్చు.”

“రేపు చూద్దాం. నువ్వు ఇంటికెళ్లి నిశ్చింతగా ఉండు,” అన్నాడు ఫార్కర్. ఆ మాట అన్నాక ఆయనకే ధైర్యంగా అనిపించింది. ఇరవై ఏళ్లుగా కొండ తగువులు ఆయనే తీరుస్తున్నాడు. చర్చిలో సంఘ పెద్ద. తండ్రిలేని ఎఫీ గొర్రెపిల్లలకు మూడేళ్లుగా జూన్‌లో చెవులు కోసిపెడుతున్నదీ ఆయనే. కెన్నెత్ తనకు చిన్ననాటి స్నేహితుడు. అతని కూతురికి అన్యాయం జరుగుతుంటే చూస్తూ ఊరుకుంటే, పరలోకంలో అతనికి ఏ మొహం చూపిస్తాడు?

*

గురువారం మధ్యాహ్నానికి కొండమీది మందంతా దిగింది. రాతి దొడ్లనిండా అరుపులే. తల్లుల్ని ఒక దొడ్డిలోకీ పిల్లల్ని ఇంకో దొడ్డిలోకీ విడదీశారు. ఆ పైన మామూలుగా అయితే పిల్లల్ని చెవిగుర్తు చూసి ఎవరివి వాళ్ల దొడ్డిలోకి తోసేస్తారు. ఫార్కర్ చెయ్యెత్తి ఆపించాడు.

“హెక్టర్ గుర్తున్న పిల్లలన్నిటినీ ఒకచోట పెట్టండి. హెక్టర్ తల్లుల్నీ ఎఫీ తల్లుల్నీ కలిపి కింద పచ్చికలోకి వదలండి. పిల్లల్ని ఆ తర్వాత వదులుదాం.”

హెక్టర్ గోడకానుకుని నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, మాట తక్కువ. “ఎందుకు?” అన్నాడు.

“ఎవరి అమ్మ ఎవరో పిల్లలే చెబుతాయి.”

గేటు తీశారు. వందకు పైగా పిల్లలు వరదనీళ్లలా కిందికి దూకాయి. తల్లులు అరుస్తూ ఎదురొచ్చాయి. కాసేపు ఎవరికీ ఏమీ తెలియలేదు. తర్వాత గోల తగ్గుతూ వచ్చింది. ఏ తల్లి పొదుగు కింద దాని పిల్లలు చేరి తోకలాడిస్తున్నాయి. ఎఫీ మచ్చమొహం గొర్రె కింద రెండు పిల్లలు. విరిగిన కొమ్ము గొర్రె కింద రెండు. ఆమెవే ఇంకో రెండింటి కింద రెండేసి. ఎనిమిదింటికీ కుడి చెవి కొస లేదు.

డూగల్ ఈలవేయబోయి మానేశాడు. ఊళ్లో నవ్వించే మనిషి అతనే. అతను కూడా నోరు మూసుకున్నాడంటే సంగతి తేలిపోయినట్టే.

“నేను వాటిని ముట్టుకోలేదు,” అన్నాడు హెక్టర్.

“మరి చెవులు వాటంతటవే తెగాయా?” అన్నాడు ఫార్కర్.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. హెక్టర్ మెడ ఎర్రబడింది. “నా పిల్లల్ని నేను లెక్కపెట్టను. దేవుడిచ్చినవాటిని వేలుపెట్టి లెక్కపెట్టొద్దని మా నాన్న చెప్పాడు. నా గుర్తు ఉంటే నాది అనుకున్నాను. ముట్టుకోలేదు అంటున్నానా?”

“శనివారం సాయంత్రం బడిలో సమావేశం,” అన్నాడు ఫార్కర్ అందరికీ వినపడేలా. “కొండమీద హెక్టర్‌కు మేత హక్కు ఉండాలా వద్దా అని అక్కడ మాట్లాడుకుందాం. అంతవరకూ ఈ ఎనిమిదీ ఎఫీ దొడ్డిలోనే ఉంటాయి.”

టీ తాగడానికి కూర్చున్నప్పుడు కెటిల్ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్లింది. హెక్టర్ కూర్చున్న చోటికి రాకుండానే మళ్లీ పొయ్యిమీదకి చేరింది. అతను ఇంటినుంచి తెచ్చుకున్న ఓట్స్ రొట్టెను జేబులోంచి తీసి, చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కొండ పైభాగంలో ఆలస్యంగా పుట్టిన పిల్లలు అతనికి ఇంకా కొన్ని ఉన్నాయి, చెవులు కోయాల్సినవి. ఒకరు పట్టుకుంటే ఒకరు కోయాల్సిన పని అది. ఆరోజు అతనికి పట్టుకోవడానికి ఎవరూ లేవలేదు. పిల్లల్ని అలాగే తోలుకుని వెళ్లిపోయాడు.

ఫార్కర్ అది చూశాడు. చూసి, న్యాయమంటే కొంచెం చేదుగానే ఉంటుందిలే అనుకున్నాడు. సాయంత్రం ఆఖరి పొట్టేలును బయటికి తోలుతుంటే అది తల విదిలించి, ఆయన కుడిచేతి బొటనవేలిని కొమ్ముకూ గేటుకూ మధ్య నలిపేసింది. గోరు నల్లబడింది.

*

శుక్రవారం ఎఫీ దొడ్డిలో చెవులు కోయడానికి మిగిలింది మూడు పిల్లలే, మే నెలాఖరున పుట్టినవి, ఇంకా గుర్తు పడనివి. ఎప్పుడూ పిల్లల్ని పట్టుకునే డూగల్ పడవ దగ్గరికి వెళ్లాడు. ఫార్కర్ బొటనవేలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు.

“ఆ చేత్తో కత్తేం పట్టుకుంటావు బాబాయ్?” అంది ఎఫీ. “నువ్వు పట్టుకో. నేను కోస్తాను.”

ఆయన కాస్త తటపటాయించాడు గానీ వేరే దారి లేదు. రాతిమీద కూర్చుని పిల్లను ఎత్తి, దాని వీపును తన ఛాతీకి ఆనించుకుని, నాలుగు కాళ్లనూ రెండు గుప్పిళ్లలో బిగించాడు. పిల్ల మొహం ఎఫీ వైపు. ఆ భంగిమ ఆయన ఒంటికి బాగా తెలుసు. కెన్నెత్ బతికున్నప్పుడు ముప్ఫై ఏళ్లు ఇలాగే కూర్చుని అతని పిల్లల్ని పట్టుకున్నాడు. కెన్నెత్ ఎదురుగా నిలబడి కోసేవాడు. కొస ఇటు, తన ఎడమచేతి వైపు రాలేది. గాటు అటు.

“ఎడమ చెవి కొస,” అన్నాడు.

“తెలుసు.” ఎఫీ గోడవతల అరుస్తున్న తల్లిని ఒకసారి చూసింది. మళ్లీ పిల్లను చూసింది. మళ్లీ తల్లిని. పెదవి కొరుక్కుని కోసింది. కొస ఫార్కర్ ఎడమచేతి వైపు రాలింది. తర్వాత అటువైపు గాటు. పని శుభ్రంగా ఉంది.

“నీ చెయ్యి బాగానే పడిందే!”

“భయంతో చచ్చాను. ఇలా ఎదురుగా నిలబడితే అన్నీ తిరగబడతాయి కదా బాబాయ్. ఎడమ చెవి నా కుడిచేతి వైపుకు వస్తుంది. అందుకే వాళ్లమ్మ చెవులు చూసి చూసి కోశాను. నువ్వైతే చూడకుండానే లాగించేస్తావు. మరి అలవాటు!”

ఆమె నవ్వుతూ రెండో పిల్లను తేవడానికి వెళ్లింది.

ఫార్కర్ కూర్చున్నచోటే ఉండిపోయాడు. మూడేళ్లుగా ఈమె పిల్లలకు కోస్తున్నప్పుడు కొస ఏ చేతి వైపు తీసేవాడు? చేతినే అడిగాడు. చెయ్యి వెంటనే చెప్పింది: ఎడమచేతి వైపు. ముప్ఫై ఏళ్లు కూర్చుని చూసిన వైపు. తన సొంత గొర్రెలకు రెండు చెవులకూ ఒకే చీలిక. ఎడమా కుడీ అని ఎన్నడూ ఆలోచించాల్సిన పని పడలేదు. పుస్తకంలో ‘ఎడమ’ అని రాసిందీ తనే, నోటితో చెప్పేదీ అదే. నోటికి వచ్చింది కాబట్టి చేతికీ వచ్చిందనుకున్నాడు.

ఒంటరిగా పుట్టి బలిసిన పిల్లల్ని ఎవరూ ఎత్తలేరు. వాటిని తనే కాళ్లమధ్య ఇరికించుకుని వెనకనుంచి కోస్తాడు. వెనకనుంచైతే తన ఎడమే దాని ఎడమ. అవి సరిగ్గానే ఉన్నాయి. తేలిగ్గా ఉండే కవలల్ని మాత్రం డూగల్ ఎత్తి, మొహం ఎదురుగా ఉన్న ఫార్కర్ వైపు తిప్పి పట్టుకుంటాడు.

గోడవతల ఆ ఎనిమిది పిల్లలూ మేస్తున్నాయి. ఒకదానికి రెండు మోకాళ్లమీదా నల్లమచ్చలు. దాన్ని చూడగానే జూన్ నెల కళ్లముందుకొచ్చింది. డూగల్ దాన్ని ఎత్తుతూ అన్నాడు: “చూశావా ఫార్కర్, మోకాళ్లు అరిగేలా ప్రార్థన చేసింది. సంఘ పెద్దను ఈసారి దీన్ని చేద్దాం.” నవ్వుకుంటూ కోశాడు తను. అది పొగమంచులో తప్పించుకున్నది కాదు. తన చేతుల్లోకే వచ్చింది.

“పట్టుకో బాబాయ్,” అంది ఎఫీ. ఆయన పట్టుకున్నాడు. మిగతా రెండూ అయ్యేవరకూ తల ఎత్తలేదు. వేలు నొప్పిగా ఉందనుకుంది ఆమె.

ఇంటికొచ్చి భార్య జెస్సీతో చెప్పాడు. ఆమె బంగాళాదుంపలు చెక్కుతోంది. చెప్పడం అయిపోయినా చెక్కు తీయడం ఆపలేదు.

“ఇంకెవరికి తెలుసు?”

“ఎవరికీ తెలియదు. ఎఫీకి కూడా తట్టలేదు.”

“హెక్టర్‌కు?”

“తను కోయలేదని మాత్రం తెలుసు.”

“అయితే నీకొక్కడికి తెలిసింది, అతనికి ఒక్కడికి తెలుసు,” అంది జెస్సీ. “రెండేళ్లుగా చర్చి గుమ్మంలో అందరి చేతులూ పట్టుకుంటావు, అతను వచ్చేసరికి చందా పళ్లెం సర్దుకుంటావు. నేను చూస్తూనే ఉన్నాను.”

“అనుమానం ఉండేది.”

“దేవుడి సన్నిధిలో నిలబడి అనుమానపడ్డావన్నమాట.” దుంపను నీళ్లలో వేసింది. “ఎలా చెబుతావో చూసుకో. నీకు ఉపన్యాసాలు అలవాటు. రేపు ఉపన్యాసం వద్దు.”

*

బడిలో పిల్లల బల్లలమీద మోకాళ్లు పొట్టకు తగిలేలా కూర్చున్నారు అందరూ. హెక్టర్ తలుపు పక్కన నిలబడ్డాడు. ప్రార్థన అయ్యాక ఫార్కర్ పుస్తకం తెరవలేదు.

“డూగల్, ఇలా రా. నువ్వు గొర్రెపిల్లవి.”

“ఇన్నాళ్లకు గుర్తించావు,” అంటూ డూగల్ లేచాడు. గది నవ్వింది.

ఫార్కర్ అతని వెనక నిలబడి, అతని వీపును తన ఛాతీకి ఆనించుకున్నాడు. “ముప్ఫై ఏళ్లు కెన్నెత్‌కు నేను ఇలా పట్టుకున్నాను. కెన్నెత్ అక్కడ, ఎదురుగా. కెన్నెత్ గుర్తు ఏమిటి?”

“ఎడమ చెవి కొస,” అన్నారు నలుగురైదుగురు.

“నాకు ఎటువైపు కనిపిస్తుంది?”

“నీ ఎడమ వైపే.”

“ఊఁ.” ఆయన చుట్టూ తిరిగి వచ్చి డూగల్‌కు ఎదురుగా నిలబడ్డాడు. గుడ్డ చుట్టిన చెయ్యి ఎత్తాడు. “కెన్నెత్ పోయాడు. ఇప్పుడు కత్తి నా దగ్గరుంది. కొస ఎడమ వైపు అని నా చేతికి ముప్ఫై ఏళ్ల అలవాటు.” తన ఎడమవైపుకు చెయ్యిచాచి డూగల్ చెవి పట్టుకున్నాడు. “ఇది ఏ చెవి?”

“మెల్లగా పట్టుకో, రేపు ప్రసంగం వినాలి,” అన్నాడు డూగల్. తర్వాత అతని మొహంలో నవ్వు ఆగిపోయింది. “ఇది... నా కుడి చెవి.”

ఒక బల్ల కిర్రుమంది.

“ఎఫీ కవలలకు మూడేళ్లుగా హెక్టర్ గుర్తు వేసింది నేను,” అన్నాడు ఫార్కర్. “నా చేత్తో వేసి, హెక్టర్ దొంగ అన్నాను. గురువారం మీ అందరిముందూ అన్నాను. ఇవాళ మీ అందరిముందూ చెబుతున్నాను, అతను ఏ తప్పూ చేయలేదు. ఇదివరకు పోయిన పద్నాలుగూ నా మందలోంచి ఎఫీకి ఇస్తాను.”

“నీ మందలోంచి ఎందుకు?” తలుపు దగ్గరనుంచి హెక్టర్ గొంతు. “అవి నా దగ్గరే ఉన్నాయిగా.” ఒక అడుగు ముందుకు వేశాడు. “నేను లెక్కపెట్టను. కానీ కళ్లున్నాయి. రెండేళ్లుగా దొడ్డి కొంచెం నిండుగా కనిపించేది. దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను గానీ, ఎవరి దగ్గర తీసి ఇచ్చాడా అని చూడలేదు. ఎఫీ వచ్చి పద్నాలుగు ఏరుకోనీ.”

ఎఫీ లేచింది. మొహం పాలిపోయి ఉంది. “హెక్టర్ అన్నా, నేను పేరు చెప్పను అంటూనే చెప్పాను. అది తప్పు. నన్ను క్షమించు.” అతను తల ఊపాడు. ఆమె కూర్చోలేదు. ఫార్కర్ వైపు తిరిగింది. “బాబాయ్, మొదటి ఏడాదే నేను కోసుకుంటానన్నాను. గుర్తుందా? ఆడపిల్లవి నీకెందుకమ్మా అన్నావు.”

“అన్నాను.”

“నాన్న పోయాక అందరూ నాకు సాయం చేశారు. ఏం కావాలని ఒక్కరూ అడగలేదు. అడిగితే, నేను వాళ్లమ్మను చూసి కోసుండేదాన్ని.”

ఫార్కర్ పుస్తకం తెరిచాడు. కెన్నెత్ పేరున్న చోట ఎఫీ పేరు రాసి, ఇకనుంచి ఆ గుర్తు ఆమే వేసుకుంటుందని కింద రాశాడు.

అందరూ వెళ్తుంటే ఫార్కర్ తలుపు దగ్గర నిలబడి హెక్టర్‌కు చెయ్యి చాచాడు. హెక్టర్ ఆ చేతిని చూశాడు, దాని చుట్టూ ఉన్న గుడ్డనూ చూశాడు. పట్టుకోలేదు.

“సోమవారం నా పిల్లలకు చెవులు కోయాలి. గురువారం పట్టుకోవడానికి ఎవరూ రాలేదు,” అన్నాడు.

“నేను వస్తాను.”

“పొద్దున్నే రా.”

*

ఆదివారం చర్చి గుమ్మంలో హెక్టర్ తలవంచి లోపలికి వెళ్లాడు. చందా పళ్లెంలో నాణెం వేశాడు, అంతే. కీర్తన పాడుతున్నంతసేపూ ఫార్కర్‌కు అతని వీపే కనిపించింది. ఇంతకాలం అతని ప్రార్థన ఎలా ఉండేదో, ఏమని అడిగేవాడో అనిపించింది. ఆ మాట అతన్ని అడగడానికి తనకు అర్హత ఉందా అని కూడా అనిపించింది.

సోమవారం నుసుము పురుగులు మొహంనిండా ముసిరే రోజు. హెక్టర్ దొడ్డిలో పద్దెనిమిది పిల్లలు. డూగల్ ఒక్కొక్కదాన్నే తెచ్చి ఇస్తున్నాడు. ఊళ్లోవాళ్లు నలుగురు పనేం లేకపోయినా గోడమీద చేరారు. ఫార్కర్ రాతిమీద కూర్చుని మొదటిదాన్ని ఛాతీకి ఆనించుకుని పట్టుకున్నాడు. హెక్టర్ కత్తితో ఎదురుగా నిలబడి, గోడమీదివాళ్లకు కూడా వినిపించేలా అడిగాడు:

“సంఘ పెద్దగారూ, నేను కొస తీయాల్సింది ఏ చెవి?”

గోడమీద ఎవరో కిసుక్కుమన్నారు.

“కుడి చెవి,” అన్నాడు ఫార్కర్.

“ఎవరి కుడి?”

“పిల్లది.”

“నాకు ఎటువైపు?”

“నీ ఎడమచేతి వైపు.”

హెక్టర్ కోశాడు. రెండోదానికీ అదే ప్రశ్న, అంతే గట్టిగా. మూడోదానికీ అంతే. ఆరోదానికి గోడమీద నవ్వు ఆగిపోయింది. ఎనిమిదోదానికి వాళ్లలో ఇద్దరు దిగి, ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. హెక్టర్ మాత్రం మానలేదు. ఏ చెవి? కుడి. ఎవరి కుడి? పిల్లది. ఫార్కర్‌కు కోపం రాలేదు. ప్రతిసారీ అంతే స్పష్టంగా, కీర్తన వరస అందించినట్టు జవాబు చెబుతూ వచ్చాడు. నుసుములు కళ్లలో పడుతున్నా చేతులు ఖాళీ లేక తుడుచుకోలేకపోయాడు. పదకొండో పిల్ల తన్నితే గుడ్డ ఊడి, నల్లబడిన గోరు బయటపడింది. హెక్టర్ దాన్ని చూశాడు. ఏమీ అనకుండా వంగి, ఆ గుడ్డను తీసి మళ్లీ చుట్టి ముడివేశాడు. లేచి నిలబడి, “ఏ చెవి?” అన్నాడు.

“కుడి.”

పదహారోదాన్ని డూగల్ తెచ్చి ఇచ్చాడు. ఫార్కర్ కాళ్లు బిగించి పట్టుకుని, జవాబు నోట్లో సిద్ధంగా ఉంచుకుని తల ఎత్తాడు. హెక్టర్ పిల్ల మొహంలోకి చూశాడు. ఫార్కర్ మొహంలోకి కూడా చూశాడు. కత్తి ఎత్తి కోశాడు, గాటు పెట్టాడు, కత్తిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“వదులు,” అన్నాడు. “ఇంకా రెండున్నాయి.”